లోతు లేని సముద్రం

1848 మే నెలలో, ఉరల్ కొండలకి దక్షిణాన ఉన్న ఓర్స్క్ కోట నుంచి ఒక పెద్ద బిడారు స్టెప్పీ మైదానాల్లోకి బయల్దేరింది. వేల కొద్దీ బళ్ళు, సైనికులు, గుర్రాలు, ఒంటెలు. ఆ బళ్ళలో కొన్నిట్లో ఒక ఓడ ఉంది. మొత్తం ఓడ కాదు, ముక్కలు. ఒరెన్‌బర్గ్‌లో కట్టి, మళ్ళీ విప్పి, పలకకి పలక విడదీసి బళ్ళకెక్కించారు. నీళ్ళే లేని గడ్డి మైదానాల మీదుగా వందల కిలోమీటర్లు మోసుకెళ్ళి, సిర్ దర్యా నది ఒడ్డున మళ్ళీ బిగించి, అక్కణ్ణించి అరల్ సముద్రంలోకి దింపాలి. దాని పేరు కాన్‌స్టాంటిన్. నాయకుడు అలెక్సెయ్ బుతకోవ్ అనే నౌకాదళ లెఫ్టినెంటు. అరల్‌కి అప్పటిదాకా సరైన మ్యాపు లేదు. ఆ మ్యాపు గియ్యడమే అతని పని.

ఆ బిడారులో నడుస్తున్న మామూలు సిపాయిల్లో ఒకడి పేరు తరాస్ షెవ్‌చెంకో. ఉక్రెయిన్ మహాకవి. వెట్టి బానిసగా పుట్టి, 24వ ఏట విడుదలై, చిత్రకారుడై, కవై, జార్ ప్రభుత్వానికి నచ్చని రాతలు రాసినందుకు 1847లో అరెస్టయ్యాడు. శిక్ష: సామాన్య సిపాయిగా సరిహద్దు దళంలో చాకిరీ. ఆ ఉత్తర్వు మీద జార్ మొదటి నికొలస్ స్వయంగా ఒక షరతు రాసాడు. ఇతను రాయకూడదు, బొమ్మలు వెయ్యకూడదు.

బుతకోవ్ అతన్ని దండయాత్ర చిత్రకారుడిగా ఓడ ఎక్కించుకున్నాడు. తీరాలు గీసి పెట్టేవాడు కావాలి కదా అన్నది పైకి చెప్పుకోదగ్గ కారణం. అలా బొమ్మలు వెయ్యకూడని మనిషి 1848, 49 సంవత్సరాల్లో అరల్ తీరాలని నీటిరంగుల్లో వేసాడు. రాయకూడని మనిషి చిన్న చిన్న పుస్తకాల్లో పద్యాలు రాసుకుని బూట్లలో దాచుకున్నాడు. బుతకోవ్ ఒకవైపు తాడు వదిలి లోతులు కొలుస్తుంటే, ఇతను ఇంకోవైపు ఒడ్డుల్ని కాగితం మీదకి ఎక్కించాడు. ఆ ప్రయాణంలో కనిపెట్టిన ఒక పెద్ద దీవికి బుతకోవ్ జార్ పేరే పెట్టాడు. ఆ దీవి దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఈ వ్యాసం రెండు నీళ్ళ గురించి. ఒకటి ఈ అరల్. రెండోది అక్కడికి తూర్పున, సైబీరియాలో ఉన్న బైకాల్. రెండూ చాలాకాలం ఒకే రాజ్యంలో ఉన్నాయి, ముందు జార్ కింద, తర్వాత సోవియట్ల కింద. రెండిటి మీదా ఒకే పదేళ్ళల్లో దాడి జరిగింది. ఒకటి బతికింది. రెండోది ఎడారయ్యింది. ఎందుకిలా అంటే, సగం జవాబు లోతులో ఉంది. మిగతా సగం లోతుకి సంబంధించింది కాదు.

*

లోతుని మనం ఒంటితో కొలుస్తాం. మోకాలి లోతు, మొలలోతు, పీకల్లోతు, నిలువు లోతు. అది దాటితే రెండు నిలువులు, మూడు నిలువులు. నూతిలోకి వదిలే తాడు అయితే బారల్లో లెక్క. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒక బార. యూరప్ నావికులు సముద్రాన్ని కొలిచిన 'ఫాదమ్' కూడా సరిగ్గా ఇదే, ఆరడుగులు. తాడుని పైకి లాగుతూ చేతులు చాపి లెక్కపెట్టుకునేవాళ్ళు. అంటే ప్రపంచంలో ఏ నీళ్ళ లోతైనా మొదట మనిషి చేతుల మధ్య నుంచే వచ్చింది.

ఆ లెక్కలో చూస్తే అరల్ సగటు లోతు పదహారు మీటర్లు. తొమ్మిది బారలు కూడా లేదు. పడమట ఉస్త్యుర్త్ పీఠభూమి కొండచరియల కింద మాత్రం 69 మీటర్ల దాకా దిగుతుంది. బైకాల్ సగటు లోతు 740 మీటర్ల పైన. అట్టడుగు 1,642 మీటర్లు. ప్రపంచంలో ఇంతకంటే లోతైన సరస్సు లేదు.

కానీ వైశాల్యం చూడండి. 1960లో అరల్ సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. బైకాల్ 31,700, అంటే అందులో సగం కూడా కాదు. మ్యాపులో చూసేవాడికి అరలే పెద్దది. నీళ్ళ లెక్కలోకి వస్తే మొత్తం తిరగబడుతుంది. అరల్‌లో ఉన్నది వెయ్యి ఘన కిలోమీటర్ల పైచిలుకు. బైకాల్‌లో 23,600. ఇరవై రెండు రెట్లు. భూమి మీద గడ్డకట్టకుండా పైకి కనిపించే మంచినీళ్ళలో అయిదో వంతు ఆ ఒక్క చోటే ఉంది.

ఇంకో లెక్క ఇంతకన్నా ముఖ్యమైంది. అరల్‌కి నీళ్ళు తెచ్చేవి రెండే నదులు, అము దర్యా, సిర్ దర్యా. 1960కి ముందు రెండూ కలిసి ఏడాదికి 55 ఘన కిలోమీటర్ల దాకా పోసేవి. అరల్ నుంచి బయటికి పోయే నది లేదు. వచ్చిందంతా ఎండకి ఆవిరైపోయేది. బైకాల్‌లోకి మూడొందల పైగా నదులూ వాగులూ పడతాయి, బయటికి పోయేది అంగరా ఒక్కటే. అది ఏడాదికి తీసుకుపోయేది సుమారు 60 ఘన కిలోమీటర్లు. అంటే రెండు సరస్సుల జీతం దాదాపు ఒకటే. తేడా అంతా వెనకేసుకున్న దాంట్లో ఉంది. అరల్ వెనకేసుకున్నది పంతొమ్మిది ఇరవై ఏళ్ళ జీతం. బైకాల్ వెనకేసుకున్నది దగ్గర దగ్గర నాలుగొందల ఏళ్ళది. జీతం ఆగిపోతే ఎవరిల్లు ముందు వీధిన పడుతుందో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు.

లోతు లేని నీళ్ళకి ఇంకో శాపం ఉంది. పల్లెం లాంటి అడుగు మీద మట్టం ఒక్క మీటరు దిగితే ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. కొల్లేరు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. +5 కాంటూరా, +3 కాంటూరా అన్న గొడవ బయటివాళ్ళకి రెండడుగుల తగువులా వినిపిస్తుంది. అక్కడ మాత్రం ఆ రెండు అంకెల మధ్యన ఊళ్ళున్నాయి, చెరువులున్నాయి, పక్షులున్నాయి. పల్చటి నీళ్ళ చరిత్ర ఎప్పుడూ ఇంతే. నిలువు మీద అంగుళం, అడ్డం మీద జీవితాలు.

*

బైకాల్ లోతుని మొట్టమొదట శ్రద్ధగా కొలిచినవాడు కూడా ఖైదీయే.

బెనెడిక్ట్ డిబోవ్‌స్కీ వార్సాలో జంతుశాస్త్రం ప్రొఫెసరు. 1863లో పోలండ్ రష్యా మీద తిరగబడినప్పుడు అందులో పాల్గొన్నాడు. శిక్షగా సైబీరియా ప్రవాసం. 1860ల చివర బైకాల్ నైరుతి కొసన కుల్తుక్ అనే ఊళ్ళో, తనలాగే ప్రవాసంలో ఉన్న విక్టర్ గొద్లెవ్‌స్కీతో కలిసి మకాం పెట్టాడు. అప్పటికి శాస్త్రవేత్తల్లో ఉన్న అభిప్రాయం ఏంటంటే, బైకాల్‌లో పెద్దగా జీవం లేదని. అంత చల్లటి, అంత స్వచ్ఛమైన నీళ్ళల్లో ఏముంటుంది అని.

వీళ్ళిద్దరూ శీతాకాలాన్ని ఎంచుకున్నారు. బైకాల్ జనవరిలో గడ్డకడితే మే దాకా కరగదు. ఓడ మీంచి తాడు వదిలితే ఓడ కదుల్తుంది, తాడు వాలుతుంది, లెక్క తప్పుతుంది. మంచు కదలదు. దానికి కన్నం పెట్టి తాడు వదిలితే అది తిన్నగా దిగుతుంది. చెప్పడానికి తేలికే. సైబీరియా చలిలో మంచు మీద నిలబడి, కిలోమీటరు దాటిన తడి తాడుని చేతుల్తో పైకి లాగడం ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. తాడు పొడుగయ్యేకొద్దీ దాని బరువే పెరుగుతుంది. కొసన కట్టిన గుండు అడుగుని తాకిందో లేదో చేతికి తెలీదు.

ఆ కన్నాల్లోంచే వాళ్ళు ఎరలు కూడా వదిలారు. ఒక్క రొయ్యల జాతి బంధువుల్లోనే, అదివరకు లోకానికి తెలీని జాతులు వందకి పైగా బయటపడ్డాయి. ఖాళీ అనుకున్న నీళ్ళు నిండుగా ఉన్నాయి. పైగా అందులో ఎక్కువ భాగం ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. బైకాల్ వయసు రెండున్నర నుంచి మూడు కోట్ల ఏళ్ళు. సాధారణంగా సరస్సులు కొన్ని వేల ఏళ్ళల్లో ఒండ్రు నిండి పూడిపోతాయి. బైకాల్ కింద భూమి ఇంకా చీలుతూనే ఉంది. అడుగున కిలోమీటర్ల మందాన ఒండ్రు పేరుకున్నా, చీలిక దాన్ని మింగుతూనే ఉంది. అందుకే అక్కడ పరిణామానికి బోలెడంత తీరిక దొరికింది. సముద్రానికి అంత దూరంలో మంచినీళ్ళల్లో బతికే సీల్ ఒకటుంది. ఒళ్ళంతా కొవ్వుతో, కాస్త పారదర్శకంగా ఉండి, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే గొలొమ్యాన్కా అనే చేప ఉంది.

ఒక సామ్రాజ్యం తనకి పనికిరారని గెంటేసిన మనుషులు ఆ సామ్రాజ్యం కొసల్లో ఉన్న రెండు నీళ్ళని లోకానికి పరిచయం చేసారు. ఇద్దర్లో ఒకడు కవి, ఒకడు శాస్త్రవేత్త. వందేళ్ళ తర్వాత ఈ నీళ్ళ తలరాత తేలిన రోజుల్లో మళ్ళీ కవులూ శాస్త్రవేత్తలే కావలసొచ్చారు. ఒక చోట దొరికారు. ఇంకో చోట చాలా ఆలస్యంగా దొరికారు.

*

అరల్ గురించి రష్యన్ మేధావుల్లో జార్ కాలంలోనే ఒక మాట ఉండేది. వొయెయ్‌కోవ్ అనే ప్రసిద్ధ వాతావరణ శాస్త్రవేత్త, అరల్ అంత పెద్దదిగా ఉండటమే మన వెనకబాటుతనానికి గుర్తు అన్నట్టు వాదించాడు. ఎడారిలో పంటకి పనికొచ్చే నీళ్ళు ఊరికే ఒక గుంటలోకి పోయి ఆవిరైపోతున్నాయి, తెలివైన దేశమైతే అలా పోనిస్తుందా అని. ఈ మాటలో దురుద్దేశం లేదు. నీళ్ళు సముద్రంలో వృథాగా కలిసిపోతున్నాయి అని మన పేపర్లు ఏటా రాస్తాయి చూడండి, అదే మాట. దాన్ని చివరిదాకా, ఎక్కడా ఆగకుండా, పూర్తి శ్రద్ధగా అమలు చేస్తే ఏమవుతుందో అరల్ చూపించింది.

అలాగని అరల్ ఊరికే ఆవిరైన గుంట కాదు. 1921లో వోల్గా ప్రాంతంలో ఘోరమైన కరువొచ్చినప్పుడు లెనిన్ అరల్ జాలర్లకి ఉత్తరం రాసి చేపలు పంపమని అడిగాడు. జాలర్లు పద్నాలుగు రైలు పెట్టెల చేపలు పంపారు. అరల్స్క్ రైల్వే స్టేషన్ గోడ మీద ఆ సంఘటన రంగురాళ్ళ బొమ్మగా ఉంది. 1950ల చివరికి ఏడాదికి నలభై వేల టన్నుల పైన చేప పట్టేవారు. దక్షిణాన మొయ్‌నాక్, ఉత్తరాన అరల్స్క్ పెద్ద రేవులు. చేపల్ని డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలు, వేలమందికి పని.

అయితే మాస్కో లెక్కలో చేప కంటే పత్తి ఖరీదు. సోవియట్ దేశం పత్తికి ఇంకెవరి మీదా ఆధారపడకూడదు. 1954లో కరాకుమ్ కాలవ మొదలైంది. అము దర్యా నీళ్ళని ఎడారి గుండా వెయ్యి కిలోమీటర్లు దాటించే కాలవ. చాలా చోట్ల అడుగున సిమెంటు లేదు. నీళ్ళు పారినంత దూరం ఇసకలోకి ఇంకాయి. ఆ పరీవాహకంలో సాగునీటి భూమి 1960లో 45 లక్షల హెక్టార్లుంటే, 1990కి 70 లక్షలు దాటింది.

ఇక్కడ తరచూ వినిపించే ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. సోవియట్ ఇంజనీర్లకి ఏం జరుగుతుందో తెలీదని, పొరపాటున సముద్రం ఎండిపోయిందని అనుకుంటాం. కాదు. సముద్రం తగ్గుతుందని వాళ్ళ లెక్కల్లో ఉంది. చేపలు, రేవులు, ఒడ్డున మనుషులు ఒక పక్కన. పత్తి ఒక పక్కన. తూకం వేసి, సముద్రాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు. లెక్కలోకి రానివి వేరే ఉన్నాయి. ఎండిన అడుగు నుంచి లేచే ఉప్పు ధూళి, అందులో పత్తిచేలల్లోంచి కొట్టుకొచ్చిన పురుగుమందులు, మెత్తబడ్డ చలికాలాలు ఇంకా చల్లబడటం, ఎండాకాలాలు ఇంకా కాలడం.

1960లో మట్టం సముద్ర మట్టానికి 53 మీటర్ల ఎత్తున ఉంది. ఆ దశాబ్దంలో ఏడాదికి జానెడు చొప్పున దిగింది. డెబ్భైల్లో మూరెడు దాటింది. ఎనభైల్లో దాదాపు గజం. మొయ్‌నాక్ జాలర్లు ఏం చేసారంటే, వెనక్కి పోతున్న సముద్రం వెంట కాలవ తవ్వుకుంటూ పోయారు. ప్రతి ఏడూ ఇంకాస్త. పడవలు బయటికి పోవడానికి. కొన్నాళ్ళకి సముద్రమే వేగంగా పరిగెత్తింది. పడవలు ఇసకలో ఉండిపోయాయి. ఫ్యాక్టరీ మూస్తే జనానికి పని పోతుందని, వేల కిలోమీటర్ల అవతలి సముద్రాల నుంచి గడ్డకట్టిన చేపల్ని రైల్లో తెచ్చి, ఆ ఎండిన రేవులో డబ్బాలకెక్కించారు. సోవియట్ వ్యవస్థలోని క్రూరత్వం, దయ రెండూ ఈ ఒక్క రైల్లో కనిపిస్తాయి.

ఉప్పు పెరిగింది. 1960లో లీటరుకి పది గ్రాములుండేది, 1990 వచ్చేసరికి మహాసముద్రంతో సమానమైంది. ఎనభైల్లో చేపల వేట పూర్తిగా ఆగిపోయింది. ఆ దశాబ్దం చివరికి అరల్ రెండు ముక్కలైంది.

*

సరిగ్గా ఇదే కాలంలో బైకాల్ ఒడ్డున ఏం జరిగిందో చూద్దాం.

1958లో ఒక ఇంజనీరు ఒక ప్రతిపాదన తెచ్చాడు. బైకాల్ నుంచి అంగరా నది బయల్దేరే చోట, నది గొంతులో ముప్ఫై వేల టన్నుల పేలుడు పదార్థం పెట్టి పేలిస్తే దారి లోతవుతుంది. సరస్సు మట్టం కొన్ని మీటర్లు దిగుతుంది. ఆ నీళ్ళతో కింద ఉన్న డ్యాముల్లో బోలెడు కరెంటు తీయొచ్చు. నాలుగొందల ఏళ్ళ సేవింగ్స్‌లోంచి కొంచెం తీసుకుంటే ఏం పోయింది అన్నమాట. ఇర్కుత్స్క్ శాస్త్రవేత్తలూ రచయితలూ మాస్కో సాహిత్య పత్రికలో గట్టిగా రాసారు. ఆ ప్రతిపాదన అటకెక్కింది.

తర్వాత పేపరు గుజ్జు మిల్లు వచ్చింది. యుద్ధ విమానాల టైర్లకి కావలసిన మేలురకం సెల్యులోజు తయారు చెయ్యాలంటే ఖనిజాలు దాదాపు లేని నీళ్ళు కావాలి. అలాంటి నీళ్ళు అన్నేసి ఎక్కడున్నాయి? బైకాల్‌లో. అంటే ఆ నీళ్ళ స్వచ్ఛతే ఆ నీళ్ళకి శత్రువయ్యింది. బైకాల్ పరిశోధనా సంస్థని నడిపే గ్రిగొరీ గలాజీ 1961లో పత్రికకి ఉత్తరం రాసాడు. 1966లో పార్టీ మహాసభ వేదిక మీంచి, అప్పటికే నోబెల్ తీసుకున్న మిఖయీల్ షోలొహోవ్ బైకాల్ ప్రస్తావన తెచ్చాడు. దాన్ని కాపాడుకోకపోతే ముందు తరాలు క్షమించవన్నట్టు మాట్లాడాడు. గెరాసిమోవ్ ఈ వివాదం మీదే సినిమా తీసాడు. తర్వాత ఇర్కుత్స్క్ రచయిత వలెంతీన్ రస్పూతిన్ జీవితమంతా ఈ సరస్సు గురించి మాట్లాడాడు.

ఇంతా చేస్తే మిల్లు ఆగలేదు. 1966లోనే మొదలైంది. ఓడిపోయారా అంటే అదీ కాదు. శుద్ధి యంత్రాలు పెట్టక తప్పలేదు, చట్టాలు రాక తప్పలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, బైకాల్ అన్న మాట అంటే దేశమంతా చెవులు రిక్కించే అలవాటు ఏర్పడింది. 2006లో సరస్సు ఒడ్డుకి దగ్గరగా ఆయిల్ పైప్‌లైను వెయ్యబోతే ఇర్కుత్స్క్ వీధుల్లోకి వేలమంది వచ్చారు. చివరికి పుతిన్ టీవీ కెమెరాల ముందు మ్యాపు మీద పెన్నుతో గీత గీసి, పైప్‌లైన్‌ని ఉత్తరానికి జరపమన్నాడు. మిల్లు 2013లో మూతబడింది. ఉద్యమం కన్నా నష్టాలే దాన్ని మూయించాయనేవాళ్ళు కూడా ఉన్నారు. లక్షల టన్నుల వ్యర్థం ఇప్పటికీ ఒడ్డునే గుంటల్లో ఉంది.

ఈ గొంతులు అరల్‌కి ఎందుకు లేవు?

ఒక కారణం తేలికైంది. బైకాల్ రష్యన్ భాషలో ఉంది. పక్కనే యూనివర్సిటీ ఉన్న ఊరు, సైబీరియా రచయితలు, మాస్కో పత్రికలు. అరల్ కరకల్పక్, కజక్, ఉజ్బెక్ భాషల్లో ఉంది. జాలరి మాట ముందు రష్యన్‌లోకి రావాలి, తర్వాత సెన్సారు దాటాలి. పత్తి లెక్కలు రాజ్య రహస్యాల్లాంటివి. పైగా ఆ రిపబ్లికుల నాయకులే ఏటా పత్తి టార్గెట్ దాటించామని పతకాలు తగిలించుకున్నవాళ్ళు.

రెండో కారణం ఇంకొంచెం కష్టమైంది. బైకాల్‌కి హాని చేసేది ఒక మిల్లు. దానికి గొట్టం ఉంది, పొగ ఉంది, వాసన ఉంది. ఫొటో తియ్యొచ్చు, వేలు పెట్టి చూపించొచ్చు. అరల్‌ని చంపింది ఒక మిల్లు కాదు, వేల కాలవలు. ప్రతి కాలవ చివరా ఒక కుటుంబం ఉంది, ఒక చేను ఉంది. ఎగువ రైతు తలుపు తిప్పినప్పుడు సముద్రాన్ని చంపుతున్నానని అనుకోడు, నిజంగా చంపడం లేదు కూడా. అందరూ కలిసి చంపుతున్నారు. ఇలాంటి దాని మీద ఉద్యమం కట్టడం ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చేతకాలేదు.

మూడోది లోతే. 1,642 మీటర్లు అనగానే మనసులో ఏదో జరుగుతుంది. అగాధం, ప్రాచీనం, పవిత్రం. లోతైన దాన్ని పాడుచెయ్యడం అపచారంలా ఉంటుంది. పదహారు మీటర్లు అంటే ఏమీ జరగదు. లోతుగా ఆలోచించాడు అంటే మెచ్చుకోలు, పైపైన అంటే తిట్టు. ఈ అలవాటు మాటల దగ్గర ఆగదు, దేన్ని కాపాడుకోవాలన్న దగ్గరికీ వస్తుంది. నిజానికి బైకాల్‌ని ఒక మీటరు వెడల్పుకి కుదించి చూస్తే దాని లోతు రెండు సెంటీమీటర్లు. అన్నం కంచం అంత. అరల్‌ని అలాగే కుదిస్తే న్యూస్‌పేపరు కాగితం మందం కూడా లేదు. భూగోళం లెక్కలో రెండూ తడి మరకలే.

*

జార్ పేరు పెట్టిన దీవి దగ్గరికి వద్దాం. విప్లవం తర్వాత దానికి వొజ్‌రొజ్‌దేనియె అని పేరు మార్చారు. పునరుజ్జీవనం అని అర్థం. నాలుగు వైపులా నీళ్ళు, దగ్గర్లో ఊళ్ళు లేవు. సోవియట్ సైన్యం అక్కడ జీవాయుధాల పరీక్షలు చేసింది. ఆంత్రాక్స్, ప్లేగు, మశూచి. రహస్యాన్ని కాపాడింది కాపలావాళ్ళ కంటే ఆ నీళ్ళు.

1971లో ఒక పరిశోధక నౌక ఆ ప్రాంతంలో తిరిగొచ్చింది. అందులో పనిచేసే ఒక యువతికి జ్వరం తగిలింది. అరల్స్క్‌లో పదిమందికి మశూచి సోకి, ముగ్గురు చనిపోయారు. ఊరిని దిగ్బంధం చేసి, వేలమందికి టీకాలు వేసి, విషయం ముప్ఫై ఏళ్ళు బయటికి పొక్కనివ్వలేదు. దీవి నుంచి గాలిలో వచ్చిన వైరస్సే కారణమని తర్వాత బలంగా వినిపించింది. ఆ నౌక పేరు లెవ్ బెర్గ్. అరల్ మీద 1908లో మొట్టమొదటి సమగ్ర గ్రంథం రాసిన శాస్త్రవేత్త పేరది.

మట్టం దిగే కొద్దీ దీవి పెరిగింది. ఈ శతాబ్దం మొదట్లో అది ప్రధాన భూమికి అతుక్కుపోయింది. పాతిపెట్టిన ఆంత్రాక్స్ దగ్గరికి ఎలకలూ మనుషులూ నడిచి వెళ్ళగలిగే పరిస్థితి. 2002లో అమెరికన్ల సాయంతో ఆ గుంటల్ని శుభ్రం చెయ్యాల్సొచ్చింది.

ఇంకో చేదు సంగతుంది. సైబీరియా నదుల్ని వెనక్కి తిప్పి మధ్య ఆసియాకి నీళ్ళు తేవాలని ఒక బ్రహ్మాండమైన పథకం దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని రష్యన్ రచయితలు తీవ్రంగా వ్యతిరేకించారు. వాళ్ళల్లో బైకాల్ రస్పూతిన్ కూడా ఉన్నాడు. 1986 ఆగస్టులో ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. ఉత్తరాది నదులకి, అడవులకి అది విజయమే. పథకం నిజంగా జరిగి ఉంటే కొత్త విధ్వంసమే తప్ప అరల్‌కి ఎంత దక్కేదో అనుమానమే. కానీ ఒడ్డు పోగొట్టుకున్నవాళ్ళకి అది ఆఖరి ఆశ. ఒక నీటిని ప్రేమించినవాళ్ళు ఇంకో నీటి దాహాన్ని తమ సమస్యగా చూడలేదని అక్కడివాళ్ళు అనుకుంటే తప్పు పట్టలేం.

మధ్య ఆసియా గొంతు మరీ వినిపించలేదని కాదు. జమీల్యా కథతో తెలుగువాళ్ళకి తెలిసిన చింగీజ్ ఐత్మాతోవ్ 1980లో రాసిన పెద్ద నవలలో కథానాయకుడు ఎదిగేయ్ ఒకప్పటి అరల్ జాలరి. రైల్వే స్టేషన్లో పని చేస్తూ సముద్రాన్ని తలుచుకుంటాడు. అప్పటికి అరల్ తగ్గడం మొదలై ఇరవై ఏళ్ళు. సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన మన ఇళ్ళల్లో బైకాల్ పేరు పిల్లలకి కూడా తెలుసు. అరల్ పేరు ఎంతమందికి తెలుసు?

*

2005లో కజక్‌స్తాన్ ప్రపంచ బ్యాంకు అప్పుతో రెండు ముక్కల మధ్య పదమూడు కిలోమీటర్ల కట్ట వేసింది. పేరు కోక్ అరల్. సిర్ దర్యా నీళ్ళు దక్షిణానికి జారిపోకుండా ఉత్తరపు ముక్కలోనే నిలిచాయి. అనుకున్న దానికంటే చాలా వేగంగా మట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, మంచినీటి చేపలు తిరిగొచ్చాయి. పల్చటి నీళ్ళకున్న శాపమే ఇక్కడ వరమయ్యింది. ఎంత తొందరగా చస్తుందో అంత తొందరగా బతుకుతుంది కూడా. కొద్దిగా పోస్తే చాలు, ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ ముందుకొస్తుంది.

దక్షిణపు ముక్కకి ఆ అదృష్టం లేదు. 2014లో దాని తూర్పు భాగం పూర్తిగా ఎండిపోయి ఉపగ్రహ చిత్రాల్లో తెల్లగా కనిపించింది. ఉస్త్యుర్త్ చరియల కింద సన్నటి పాయ మాత్రం మిగిలింది. ఒకప్పుడు 69 మీటర్లు ఉన్న చోటు అదే.

బైకాల్ క్షేమంగా ఉందా? అట్టడుగు బానే ఉంది. కానీ కొన్నేళ్ళుగా దాని అంచుల్లో, నడుం లోతు నీళ్ళల్లో, పచ్చటి పాచి దుప్పట్లలా పరుచుకుంటోంది. ఊళ్ళ నుంచి, టూరిస్టు హోటళ్ళ నుంచి వచ్చే మురుగే దానికి ముఖ్యమైన ఎరువని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. బైకాల్‌కే ప్రత్యేకమైన స్పంజులు జబ్బుపడుతున్నాయి. ఎంత లోతైన నీటికైనా పల్చటి అంచు ఉంటుంది. మనిషి దిగేది అక్కడే, చేపలు గుడ్లు పెట్టేదీ ఎక్కువగా అక్కడే, రోగం మొదలయ్యేదీ అక్కడే. 1,642 మీటర్ల సరస్సు కూడా తన ఒడ్డున అరల్ లాంటిదే.

బుతకోవ్ మ్యాపు 1850లో అచ్చయింది. అందులో తాడు వదిలిన ప్రతి చోటా ఒక చిన్న అంకె ఉంటుంది, ఇక్కడ నీళ్ళు ఇన్ని నిలువులు అని. ఆ అంకెలున్న చోట్లలో చాలా భాగం ఇవాళ నేల. ఉజ్బెక్‌స్తాన్ అక్కడ ఉప్పు ధూళి లేవకుండా సక్సౌల్ మొక్కలు నాటిస్తోంది. ఎడారిలో బతికే మొండి మొక్క అది. నాటడానికి వచ్చిన కూలీ గునపం దించే చోట నిలబడి ఆ పాత మ్యాపు తెరిస్తే, కాగితం మీద అంకె ఇంకా ఉంటుంది. అప్పుడది తన కాళ్ళ కింద ఎంత లోతుందో చెప్పదు. తన తల మీద ఎన్ని నిలువుల నీళ్ళు ఉండేవో చెప్తుంది.